చక్రం వంతు

పోయిన ఎండాకాలం నా పాత విద్యార్థి ఒకడు మొయినాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు. వాడికి ఇప్పుడు తల నెరిసింది. రైళ్ళ పనిలో పెద్ద ఇంజనీరు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో వెనక బెంచీలో హాయిగా నిద్రపోయేవాడు కాబట్టి, ఈ సంగతి నాకు ఇప్పటికీ పూర్తిగా నమ్మబుద్ధి కాదు. టీ తాగుతూ ఫోనులో ఒక ఫోటో చూపించాడు. నిలువెత్తు ఉక్కు డబ్బా, దానికి నాలుగు లావుపాటి కేబుళ్ళు. అందులో ఏముందో చెప్పుకోండి అన్నాడు. నాకు పరీక్ష పెట్టేంత పెద్దవాడయ్యాడన్నమాట.

లోపల ఉన్నది ఒక చక్రం. మెట్రో రైలు స్టేషన్లో ఆగడానికి బ్రేకు వేసినప్పుడు దాని వేగమంతా మామూలుగా అయితే వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. అట్లా పోనివ్వకుండా దాన్ని కరెంటుగా మార్చి ఈ చక్రాన్ని తిప్పుతారు. కాసేపటికి ఇంకో రైలు బయల్దేరేటప్పుడు చక్రం తన తిరుగుడును మళ్ళీ కరెంటు చేసి దానికి ఇచ్చేస్తుంది, తాను నెమ్మదిస్తుంది. డబ్బాలో గాలి తీసేస్తారు, ఇరుసు ఎక్కడా ఆనకుండా అయస్కాంతాలు పట్టుకుంటాయి, కాబట్టి ఇచ్చిన వేగం చాలాసేపు అట్లాగే నిలుస్తుంది.

"మేడమ్, మా ఆఫీసుల దీని మీద రోజు ఒకటే లొల్లి," అన్నాడు వాడు. "ఆ బలం ఆగిన రైలుదా, చక్రందా? కదిలిన రైలు దాన్ని ఎవరి దగ్గర తీసుకున్నట్టు? మీరు ఏమంటరు?"

నాకు నవ్వు ఆగలేదు. ఆ లొల్లి మా పిండి గిర్నిలో అరవై తొమ్మిదిలోనే అయిపోయింది. అందులో ఓడిపోయింది నేనే. వాడికి ఆ రోజు సగమే చెప్పాను, బస్సు వేళయిందని లేచిపోయాడు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నేను పట్నంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నాను. తెలంగాణ ఉద్యమం మొదలై క్లాసులు ఆగిపోయాయి. మేమూ హాస్టల్ గేటు దాకా వచ్చి గొంతు పోయేలా నినాదాలు ఇచ్చినవాళ్ళమే. తర్వాత కర్ఫ్యూలు వచ్చాయి, హాస్టల్ ఖాళీ చేయమన్నారు. గండిపేట దాకా ఒక లారీలో, అక్కడి నుంచి ఎవరిదో ఎడ్లబండిలో ట్రంకు పెట్టె వేసుకుని ఇంటికి చేరాను. చేజారిన ఏడాది మళ్ళీ వస్తుందో రాదో తెలియదు. రాష్ట్రం సంగతి ఎట్లా ఉన్నా, నా చదువు ఆగిందని నాకు లోపల మంటగా ఉండేది. ఆ మంట ఎవరి మీద చూపాలో తెలియక అందరి మీదా చూపేదాన్ని.

మా బాపుకు మొయినాబాద్‌లో గిర్ని ఉండేది. రేకుల కప్పు, మూడు గోడలు, మధ్యలో పడుకున్న దున్నపోతంత డీజిల్ ఇంజను. దానికి అటొకటి ఇటొకటి నా ఛాతీ ఎత్తు పోత ఇనుప చక్రాలు. ఇంజను దెబ్బదెబ్బకూ ఆగి కొడుతుంది, ఆ దెబ్బకూ దెబ్బకూ మధ్య పనిని లాక్కుపోయేది ఆ చక్రాలే. ఒక చక్రం పక్కనుంచి తోలు పట్టా పోయి పిండి రాళ్ళను తిప్పేది. పొద్దున ఇంజను స్టార్టు చేసే ముందు బాపు టోపీ తీసి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేవాడు. ఆ తర్వాత హ్యాండిల్ పట్టుకునేవాడు. ప్రార్థన ఇంజను కోసమా, తన భుజం కోసమా అని నేను ఆటపట్టిస్తే, రెండిటికీ కలిపే చేస్తున్న అనేవాడు.

గిర్నిలో ఒక రివాజు ఉండేది. చివరి బస్తా అయిపోగానే బాపు డీజిల్ కట్టేసేవాడు. ఇంజను మీది చిన్న లివరు ఎత్తి పెట్టేవాడు. అట్లా పెడితే లోపల గాలి నొక్కుకోవడం పోయి చక్రాలు అడ్డం లేకుండా తిరుగుతాయి. కొట్టుడు ఆగి, పట్టా చప్పుడు ఒక్కటే మిగిలేది. ఆ చక్రాలు పూర్తిగా ఆగేలోపల ఒక తవ్వెడు జొన్నలు పిండి అయ్యేవి. ఆ తవ్వెడు ఎంకపల్లి నుంచి వచ్చే ఒక అవ్వది. దాన్ని అందరూ చక్రం వంతు అనేవాళ్ళు.

అవ్వకు ముందూ వెనకా ఎవరూ లేరు. కూలికి పోయేది. ఒకరి దగ్గర ఉత్తగా చెయ్యి చాపే మనిషి కాదు. చర్చిలో క్రిస్మస్‌కు దుప్పట్లు పంచితే, నాకు చలి పెడ్తలేదు అని వెళ్ళిపోయిందట, గజగజ వణుకుతూ. అట్లాంటి మనిషికి బాపు ఏడేళ్ళ కిందట ఒక మాట చెప్పాడు. "అవ్వా, ఇంజను కట్టేసినంక రాళ్ళు ఉత్తగ తిరిగి ఒకదానికొకటి రాసుకుంటయి. గింజలు పడితె రాళ్ళకే మంచిది. నీ జొన్నలు జర గప్పుడు పొయ్యి." అందులో అబద్ధం లేదు. రాళ్ళు ఉత్తగా తిరిగితే అరుగుతాయి. రెండు రాళ్ళనూ ఎడం చేసే మర ఒకటి ఉందని, దాన్ని రెండుసార్లు తిప్పితే అసలు రాసుకోవని మాత్రం బాపు చెప్పలేదు. కాబట్టి అవ్వ మాకు సాయం చేస్తున్నానని అనుకునే వచ్చేది, ఎప్పుడూ చివరికి వచ్చేది, వచ్చి దర్జాగా గుమ్మం పక్కన కూర్చునేది. చక్రం జోరు మీద ఉన్నప్పుడు పడిన పిండి మెత్తగా, ఆగేటప్పుడు పడింది బరకగా ఉండేది. మెత్తది రొట్టెకు, బరకది ఉడికించుకునే గట్కకు అని ఇంటికి పోయి జల్లెడ పట్టుకునేది.

ఆ ఎండాకాలం డీజిల్‌కు కరువొచ్చింది. ఒకరోజు బందు, ఒకరోజు రాస్తా రోకో, ట్యాంకర్లు ఎప్పుడొస్తాయో తెలియదు. బాపు సైకిలుకు డబ్బా కట్టుకుని షాబాద్ దాకా పోయి తెచ్చేవాడు. ఒకసారి వస్తూ దారిలో పడ్డాడు. డబ్బాను కాపాడాడు, కుడి భుజాన్ని కాపాడుకోలేదు. అప్పటి నుంచి మూడు రోజులకు ఒకసారే గిర్ని నడిపేవాళ్ళం. బాపు ఎడమ చేత్తో, నేను రెండు చేతులతో, ఇద్దరం ఒకే హ్యాండిల్ పట్టుకుని తిప్పేవాళ్ళం. ఇంజను అంటుకునేసరికి నా అరచేతులు మండిపోయేవి.

ఒక మధ్యాహ్నం గిర్నిలో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వంతు కోసం కూర్చున్నారు. బాపు బయట డ్రమ్ములో నీళ్ళు పోస్తున్నాడు. వాళ్ళలో ఒకామె నన్ను అడిగింది.

"ఏం బిడ్డా, పట్నంల గన్ని చదువులు చదివితివి. ఇంజను కట్టేసినంక గూడ చక్రం ఎట్ల తిరుగుతది?"

నెలల తరబడి పాఠం లేక, పరీక్ష లేక మొహం వాచి ఉన్నదాన్ని. ఆ ఒక్క ప్రశ్న నాకు పండగలా వచ్చింది. బొగ్గు ముక్క తీసుకుని గోడ మీద బస్సు బొమ్మ వేశాను. మా లెక్చరర్ క్లాసులో చెప్పిన బస్సు అది. యూరప్‌లో ఎక్కడో కొన్నాళ్ళు నడిచిందట. దానికి పెట్రోలు లేదు, డీజిల్ లేదు. కడుపులో పెద్ద చక్రం. స్టాపు వచ్చినప్పుడల్లా పైనున్న తీగలను అందుకుని, కరెంటుతో ఆ చక్రాన్ని గిర్రున తిప్పుకుంటుంది. ఆ తిరుగుడు మీదే ఇంకో స్టాపు దాకా పోతుంది.

"అబ్బ, గసొంటిది మన దిక్కు ఉంటె ఈ బందులల్ల గూడ పట్నం పోవచ్చు," అంది ఒకామె.

గుమ్మం పక్క నుంచి అవ్వ అడిగింది. "మరి శానసేపు తిరగాల్నంటె చక్రం బరువు ఉండాల్నా, జోరు ఉండాల్నా?"

నేను ఉబ్బిపోయాను. తర్వాత ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను, ఆ ప్రశ్న తనంతట తానుగా అడిగిన పిల్లలు నాకు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా దొరకలేదు. "రెండూ ఉండాలె అవ్వా. గని జోరుదే ఎక్కువ. బరువు రెండింతలు చేస్తె రెండింతలు దాచుకుంటది. జోరు రెండింతలు చేస్తె నాలుగింతలు."

"అయితె చక్రం సొంతంగ ఏం చెయ్యది. దాచిపెడ్తది, అంతే."

"అంతే! ఉత్తగ ఏదీ రాదు అవ్వా. బస్సు చక్రంల కరెంటు ఉన్నది, గీ చక్రంల ఉన్నదంత మా బాపు పోసిన డీజిలే."

అవ్వ తల ఊపింది. "ఇన్నొద్దులు నా జొన్నలు ఇసిరింది గూడ మీ బాపు డీజిలే అన్నట్టు."

"అవును అవ్వా!" అన్నాను నేను, చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ. ఎంత బాగా సమజయ్యిందో అని మురిసిపోయాను.

ఆ రోజు చివరి బస్తా అయ్యాక బాపు డీజిల్ కట్టి, లివరు ఎత్తి, "తే అవ్వా" అన్నాడు. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. ఎప్పుడు లేచిందో, తన జొన్నల ముంత తీసుకుని వెళ్ళిపోయింది. చక్రాలు ఉత్తగా తిరిగాయి. రాళ్ళు కీచుమంటుంటే బాపు గబగబా మర తిప్పి వాటిని ఎడం చేశాడు.

"ఏమైంది? పాణం బాగలేదా ఆమెకు?" అని అడిగాడు. నేను జరిగింది చెప్పాను, గోడ మీది బస్సు కూడా చూపించాను. బాపు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"చెప్పింది నిజమే బిడ్డా," అన్నాడు. "గని ఎవరి ముంగట చెప్తున్నవో జర చూస్కోవాల్సుండె."

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పడానికి కూడా ముందూ వెనకా చూసుకోవాలా అని వాదించాను. బాపు పట్టా విప్పడానికి పోయాడు. రాత్రి అన్నం ముందు కూర్చున్నాక గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. దుప్పటి వద్దన్న మనిషికి నేను ఏడేళ్ళ దుప్పటి ఒక్క మాటలో కప్పేశాను. అదీ ఎనిమిది మంది ముందు. సిగ్గుతో నాకు చెవులు కాలిపోయాయి.

మూడు రోజుల తర్వాత గిర్ని నడిచింది, అవ్వ రాలేదు. ఇంకో మూడు రోజులకు కూడా రాలేదు. ప్రతిసారీ బాపు డీజిల్ కట్టేశాక గుమ్మం వైపు ఒకసారి చూసేవాడు. తర్వాత రాళ్ళు ఎడం చేసి, చక్రాలు పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడేవాడు. ఇన్నాళ్ళూ ఒక తవ్వెడు పిండి అయ్యేంత బలం అట్లా ఊరికే పోవడం చూస్తూ నేనూ నిలబడేదాన్ని. ఆ తర్వాత ఇక ఉండబట్టలేక ఎంకపల్లికి నడిచిపోయాను.

అవ్వ ఇంటి ముందు వేపచెట్టు నీడలో ఇసుర్రాయి ముందేసుకుని కూర్చుంది. కుడి మణికట్టుకు పాత చీర పీలిక కట్టుకుంది. వాచింది. ఎడమ చేత్తో రాయి తిప్పుతోంది. నన్ను చూసి పక్కనున్న పీట తోసింది.

"అవ్వా, గిర్నికి వస్తలేవేంది? నీ జొన్నలు లేక రాళ్ళు అరిగిపోతున్నయి," అన్నాను.

"మర తిప్పితె ఎడం అయితయంట గదా. మొన్న మీ గిర్నికి వచ్చినోళ్ళు చెప్పిన్రు." రాయి ఆపకుండానే నా మొహం చూసింది. "నీకు అబద్ధం ఆడుడు రాదు బిడ్డా. ఎందుకు తిప్పలు పడ్తవ్?"

తప్పయిందని చెప్పాను. అట్లా చెప్పడం నాకు చాలా కష్టమైంది, అందుకే ఏడుపు కూడా వచ్చింది. "నువ్వేం తప్పు చెప్పినవ్?" అంది అవ్వ. "ఉన్న మాటనే చెప్పినవ్. నేనే ఇన్నొద్దులు ఎడ్డిదాని లెక్క కూసున్న. పట్నంల పోరగాండ్లు మా హక్కు మాగ్గావాలె అని లొల్లి చేస్తున్నరు. నాది గానిది నేనెట్ల తీసుకుంట?"

నేను దగ్గరికి జరిగి రాయి పట్టుకోబోతే చెయ్యి తోసేసింది. రాయి ఇంకో రెండు చుట్లు తిప్పి, ఉన్నట్టుండి అడిగింది.

"ఆ దేశం బస్సు చక్రాన్ని కరెంటు తిప్పుతదంటివి. మీ చక్రాన్ని డీజిల్ తిప్పుతది. మరి డీజిల్ అంటుకునేదానికన్న ముంగట?"

"మేం తిప్పుతం. నేను, బాపు."

"ఆయన భుజం ఎట్లున్నది?"

"లేస్తలేదు. ఎడమ చెయ్యే."

"ఊఁ," అంది. అంతే. నాకు చల్ల పోసి ఇచ్చి పంపించింది. వస్తుందనీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు.

గిర్ని నడిచే రోజు పొద్దున నేనూ బాపూ తలుపు తీసేసరికి అవ్వ గుమ్మం ముందు నిలబడి ఉంది. ఎప్పుడూ చివరికి వచ్చే మనిషి, ఆ రోజు అందరికన్నా ముందే వచ్చింది. ముంత గోడ పక్కన పెట్టి, కొంగు నడుముకు బిగించింది. నేను గోడ మీద వేసిన బస్సు బొమ్మను ఒకసారి చూసింది.

"జరుగు," అంది బాపుతో. "నువ్వు లివరు కాడ నిలబడు. బిడ్డ, నేను తిప్పుతం."

"అవ్వా, నీ చెయ్యి..."

"నీ భుజం కన్న నయమే ఉన్నది. తొందరగ ప్రార్థన చేస్కో."

బాపు టోపీ తీశాడు. అవ్వ కూడా కళ్ళు మూసుకుంది. తర్వాత ఇద్దరం హ్యాండిల్ పట్టుకున్నాం. నేను కిందికి నొక్కుతుంటే ఆమె పైకి లాగేది. వరి కోసి, కట్టలు మోసిన వీపు అది, నాకన్నా ఆమే గట్టిగా లాగింది. చక్రాలు కదిలాయి, బరువు తేలికయింది, జోరందుకున్నాయి. "ఇడువు!" అని నేను అరిచాను, బాపు అప్పటిదాకా ఎత్తి పట్టుకున్న లివరు దించాడు. ఇంజను ఒకసారి దగ్గింది, నల్ల పొగ కక్కింది, అంటుకుంది. అవ్వ చెంగుతో మొహం తుడుచుకుని పోయి తన గుమ్మం పక్కన కూర్చుంది. ఆ రోజంతా అక్కడి నుంచి కదల్లేదు. అమ్మ అన్నం పంపితే, నా సద్ది నేను తెచ్చుకున్న అని మూట విప్పింది.

చివరి బస్తా అయిపోయింది. బాపు డీజిల్ కట్టేశాడు. కొట్టుడు ఆగింది. అవ్వ లేచి ముంత తీసుకుని గింజలు పోసే డబ్బా దగ్గరికి వచ్చింది, కానీ పోయలేదు. నా వైపు తిరిగింది. చక్రాలు తిరుగుతున్నాయి.

"ఇయ్యాల నాది గూడ అందుల ఉన్నది గదా బిడ్డా? చదువుకున్నదానివి, ఉన్నదా లేదా చెప్పు."

మళ్ళీ అదే ఎనిమిది మంది ఆడవాళ్ళు నన్ను చూస్తున్నారు. బాపు చూడలేదు, లివరు వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఫిజిక్స్ బాగా వచ్చు. పొద్దున ఆమె పెట్టిన బలం మొదటి దెబ్బకు గాలిని నొక్కడంలోనే ఖర్చయిపోయింది. ఆ తర్వాత రోజంతా తిప్పింది డీజిల్. ఇప్పుడు ఆగుతున్న చక్రంలో ఆమెది చిటికెడు కూడా లేదు. ఇట్లాంటి ప్రశ్నకు ఉంది అని రాసిన పిల్లలకు తర్వాత నేనే సున్నా వేశాను. ఇంకోవైపు, ఆమె లాగకపోతే ఆ పొద్దున మా ఇంజను అంటుకునేదే కాదు. ఇవన్నీ ఆలోచించడానికి టైము లేదు, చక్రం నెమ్మదిస్తోంది.

"ఉన్నది అవ్వా," అన్నాను. "పొయ్యి."

పోసింది. మెత్తది కొంచెమే పడింది, బరకదే ఎక్కువ పడింది. మాట్లాడి ఆలస్యం చేశామని నన్నూ తననూ కలిపి తిట్టుకుంటూ ముంత ఎత్తుకుని పోయింది.

ఆ తర్వాత అదే రివాజయింది. గిర్నికి అందరికన్నా ముందు వచ్చేదీ అవ్వే, అందరికన్నా చివర పోయేదీ అవ్వే. మరుసటి ఏడాది కాలేజీలు తెరిచారు, నేను పట్నం వెళ్ళిపోయాను. బాపు భుజం నయమైంది. అయినా అవ్వను హ్యాండిల్ దగ్గర నుంచి జరగమని ఎప్పుడూ అనలేదని అమ్మ చెప్పేది. తాను ఒంటి చేత్తో తిప్పగలిగేదాన్ని ఆమెతో కలిసే తిప్పేవాడట.

మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు నేను ఇంకా జవాబు ఇవ్వలేదు. వాడి డబ్బాలో చక్రానికి గాలి తగలదు, రాయి తగలదు, ఎవరి చెయ్యీ తగలదు. ఏ రైలు ఎంత పెట్టిందో, ఏ రైలు ఎంత తీసుకుందో కంప్యూటర్ చెప్తుందట. మంచిదే. వాడు మళ్ళీ వచ్చినప్పుడు ఈ కాగితాలు ఇస్తాను, చదువుకోనీ.

కొన్నేళ్ళకు మొయినాబాద్‌లో గిర్నులన్నీ కరెంటు మోటార్లు పెట్టుకున్నాయి. స్విచ్ వేస్తే తిరుగుతుంది, తీస్తే రెండు క్షణాల్లో ఆగిపోతుంది. మొదట తిప్పడానికి మనిషి అక్కర్లేదు, చివర మిగిలేదీ ఏమీ లేదు. ఊళ్ళో అందరూ మార్చినా మా బాపు మార్చలేదు. ఈ పొగ, చప్పుడు, డీజిల్ మోసుకొచ్చే తిప్పలు ఎందుకని నేను ఎన్నిసార్లు పోట్లాడినా వినలేదు. కరెంటు మీద నాకు భరోసా లేదు బిడ్డా అనేవాడు. అవ్వ చనిపోయిన నెలకు మోటారు పెట్టించాడు.